బూడిద గారికి రాజయోగం

2024 నవంబరు చివర్లో కడప, అనంతపురం జిల్లాల మధ్య ఒక చిన్న యుద్ధం నడిచింది. సీమలో తగువులు కొత్తేమీ కావు. భూమి, నీళ్లు, గనులు, పాత ఎన్నికల బాకీలు, ఇలా వాటికి పెద్దమనిషి తరహా కారణాలు ఉండేవి. ఈసారి కారణం బూడిద. ఎర్రగుంట్ల దగ్గర కలమల్లలోని రాయలసీమ థర్మల్ కేంద్రం నుంచి తాడిపత్రి వైపు సిమెంటు ఫ్యాక్టరీకి వెళ్లే బూడిదను ఎవరి లారీలు మోయాలన్నది పేచీ. జమ్మలమడుగు నేతగారి వర్గం మావే అంది, తాడిపత్రి నేతగారి వర్గం కాదు మావే అంది. ఇద్దరూ అధికార కూటమి వారే. పోలీసులు దిగారు. చివరికి సాక్షాత్తూ ముఖ్యమంత్రి కలగజేసుకోవాల్సి వచ్చింది.

బూడిదలో పోసిన పన్నీరు అని సామెత కట్టిన పెద్దలు ఇప్పుడుంటే, ముందు రెండింటి రేట్లూ కనుక్కుని తర్వాత నోరు విప్పేవారు.

ఈ యోగం బూడిదకు రాత్రికి రాత్రి పట్టింది కాదు. 1996–97లో దేశంలోని థర్మల్ కేంద్రాలన్నీ కలిసి దాదాపు 6.9 కోట్ల టన్నుల బూడిద పుట్టిస్తే, అందులో పదో వంతు కూడా ఎవరికీ అక్కర్లేకపోయింది. మిగతాదాన్ని నీళ్లలో కలిపి, గొట్టాల్లో తోసి, ఊళ్ల పక్కన చెరువులు కట్టి నింపారు. చేపలు లేని, తామరలు లేని చెరువులు. నేరం బొగ్గుదేనంటారు ఇంజినీర్లు. మన బొగ్గులో 30 నుంచి 45 శాతం దాకా బూడిదే. అంటే గనుల నుంచి మూడు వ్యాగన్ల బొగ్గు వస్తోందంటే, అందులో ఒక వ్యాగన్ సరుకు అప్పటికే బూడిదగా రైలెక్కిందన్నమాట. రైల్వేవారు దానికీ బొగ్గు కిరాయే పుచ్చుకుంటారు.

1999 సెప్టెంబరులో కేంద్ర పర్యావరణ శాఖకు కోపమొచ్చింది. థర్మల్ కేంద్రం చుట్టూ 50 కిలోమీటర్ల లోపు మట్టి ఇటుకలు కాల్చేవారు పావు వంతు బూడిద కలపాల్సిందేనంది. కేంద్రాలు పదేళ్లు బూడిదను ఉచితంగా ఇవ్వాలంది. పాత కేంద్రాలు పదిహేనేళ్లలో నూటికి నూరు శాతం వదిలించుకోవాలంది. 2003లో 50 కిలోమీటర్లు 100 అయ్యాయి. 2009లో పాత కేంద్రాలకు కొత్తగా ఐదేళ్ల లెక్క మొదలైంది. 2016లో దూరం 300కు పెరిగింది, గడువు 2017 డిసెంబరు 31కి చేరింది. ఆ రోజూ వచ్చింది, కొత్త సంవత్సరం శుభాకాంక్షలు చెప్పుకుని వెళ్లిపోయింది. 2021 డిసెంబరు 31న మరో నోటిఫికేషన్ పుట్టింది. ఈసారి మూడేళ్లకో లెక్క చూస్తారట, మిగిలిన బూడిదకు టన్నుకు వెయ్యి రూపాయల జరిమానా వేస్తారట. ఇరవై రెండేళ్లలో బూడిద ఎంత దూరం కదిలిందో గానీ, గీత మాత్రం ఏ విడతా కదలకుండా ఉండలేదు.

అయితే బూడిదలో సరుకుందన్న సంగతిలో వేళాకోళం లేదు. కొలిమిలోంచి పొగతో పాటు ఎగిరే ఫ్లై యాష్‌ను పొగగొట్టానికి ముందే విద్యుత్ యంత్రాలతో పట్టేస్తారు. అది పౌడరంత మెత్తన. సూక్ష్మదర్శినిలో చూస్తే చిన్న చిన్న గాజు గోళీలు. దానిలో సిలికా, అల్యూమినా ఉంటాయి. ఒంటరిగా నీళ్లు పోస్తే బురదవుతుంది, సున్నం తోడైతే రాయవుతుంది. అమెరికాలో మాంటానా రాష్ట్రంలోని హంగ్రీ హార్స్ ఆనకట్టకు 1950ల నాటికే లక్ష టన్నులకు పైగా పోశారు. మన దగ్గర పోజొలానా సిమెంటులో 15 నుంచి 35 శాతం దాకా ఇది కలపడానికి భారతీయ ప్రమాణమే ఒప్పుకుంటుంది. ఎంత కలిపారో బస్తా మీద అచ్చు వేస్తారు కూడా. ఆ అచ్చు చదివే ఓపిక ఎవరికుంది? ఇల్లు కట్టించే పెద్దమనిషి ఆ బస్తాలను లెక్కపెట్టి దింపించుకుని, వాటి మీదే కూర్చుని, ‘బూడిద ఇటుకలు మాత్రం మా ఇంటికి వద్దు’ అని ఆజ్ఞ వేస్తాడు.

ఆ ఇటుకకు తెలుగు నేలతో గట్టి చుట్టరికం ఉంది. ఫ్లై యాష్, సున్నం, జిప్సం కలిపి, బట్టీ పెట్టకుండా, నిప్పు ముట్టించకుండా ఇటుక చేసే ఫాల్-జీ పద్ధతి విశాఖపట్నంలోని ఇన్‌స్వారెబ్ సంస్థలో పుట్టింది. ఎన్. భానుమతిదాస్, ఎన్. కాళిదాస్ దాని కర్తలు. కాల్చే బొగ్గు మిగులుతుంది, పొలం పైమట్టి మిగులుతుంది. ఆ మిగులును చూసి ప్రపంచ బ్యాంకు కార్బన్ క్రెడిట్లు కొనడానికి కూడా ముందుకొచ్చింది. వాషింగ్టన్‌ను ఒప్పించిన ఇటుక విజయవాడ శివారు మేస్త్రీని ఒప్పించడానికి మాత్రం చాలా కాలం తంటాలు పడింది.

మేస్త్రీ ఒప్పుకున్నా యజమాని ఒప్పుకోడు. విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఏ కట్టుబడి దగ్గర నిలబడినా ఇలాంటి సంభాషణే చెవిన పడుతుంది.

‘ఎర్ర ఇటుకే తెప్పించవయ్యా, ఇల్లన్నాక ఎర్రగా ఉండాలి.’

‘ఎట్టాగూ రెండు వైపులా పూత పూసేస్తాం కదండీ. లోపల ఏ రంగుంటే ఎవరికి కనపడుద్దండీ?’

‘నాకు తెలుసు కదయ్యా!’

ఆ వాదనకు ఏ ఐఐటీలోనూ జవాబు లేదు.

మేస్త్రీల ఫిర్యాదుల్లో మాత్రం కొంత న్యాయముంది. ఎర్ర ఇటుకను తొట్టిలో నానబెట్టి పేర్చడం చేతికి అలవాటు. బూడిద ఇటుకను అలాగే నానబెడితే తర్వాత గోడ ఆరేకొద్దీ బీటలు తీస్తుంది. దానికి పైపైన చిలకరింపు చాలు. ముఖం మరీ నున్నగా ఉంటే పూత పట్టి నిలవదు. అన్నిటికంటే అసలు చిక్కు యార్డులో ఉంది. పాన్ మిక్సర్‌లో కలిపి, ప్రెస్సులో నొక్కి, తీసిన ఇటుకకు రెండు మూడు వారాలు నీళ్లు పట్టాలి. ఇక్కడ నిప్పు చేయాల్సిన పని నీళ్లు చేస్తాయి మరి. గిరాకీ ఉంటే అన్నాళ్లు ఎవరాగుతారు? వారం తిరక్కుండానే ట్రాక్టరెక్కిన ఇటుక, దింపేటప్పుడే మూలలు రాల్చుకుంటుంది. నింద బూడిద మీద పడుతుంది.

ఇక లెక్కల సంగతి. 2023–24లో దేశంలో పుట్టిన బూడిద దాదాపు 34 కోట్ల టన్నులు. అందులో 98 శాతం దాకా వినియోగమైందని సర్కారు కాగితాలు చెబుతున్నాయి. పదో వంతు నుంచి ఇంతదాకా రావడమంటే మాటలు కాదు, చప్పట్లు కొట్టాల్సిందే. కొట్టే ముందు పట్టిక కిందికి చూపు దించకపోతే ఇంకా మంచిది. సుమారు నాలుగో వంతు సిమెంటుకు వెళ్తుంది. ఇటుకలకూ రోడ్లకూ ఫ్లైఓవర్లకూ వాటి వంతు వాటికుంది. ఇంతవరకూ పేచీ లేదు. ఆ తర్వాత పల్లపు భూములు పూడ్చడం, ఖాళీ గనులు నింపడం వస్తాయి. వాటి పక్కనే ఇంకో పద్దు: బూడిద చెరువు గట్టు ఎత్తు పెంచడం.

అవును, బూడిద ఎక్కువైంది కాబట్టి గట్టు ఎత్తు పెంచాలి. గట్టు ఎత్తు పెంచడానికి బూడిద వాడాలి. వాడారు కాబట్టి అది వినియోగం. ఎత్తు పెరిగింది కాబట్టి ఇంకా బూడిద పోయొచ్చు. ఈ పద్దు రాసిన గుమాస్తా ఎవరో గానీ, ఆర్థిక శాఖలో ఉండాల్సిన మనిషి. అప్పు తీర్చడానికి తెచ్చిన అప్పును ఆదాయం కింద చూపించే విద్య అతనికి పుట్టుకతోనే వచ్చి ఉంటుంది.

గట్లు ఎప్పుడూ కాగితం మీదే నిలబడవు. 2020 ఏప్రిల్ 10న మధ్యప్రదేశ్‌లోని సింగ్రౌలీ ప్రాంతంలో సాసన్ థర్మల్ కేంద్రం బూడిద చెరువు గట్టు తెగింది. ఆరుగురు చనిపోయారు, పొలాలు బూడిద ముద్దయ్యాయి. ఆ బూడిద ఏ పద్దు కిందికి వచ్చిందో పట్టికలో కనపడదు. ఎండాకాలం గాలి లేచినప్పుడు థర్మల్ కేంద్రాల పక్క ఊళ్లలో డాబాల మీద ఆరబోసిన వడియాలకు పట్టే బూడిదా, పట్టా కప్పని టిప్పర్లు రోడ్డు పొడుగునా ఉచితంగా పంచిపెట్టే బూడిదా లెక్కలోకి రావు. అవి కూడా కలుపుకుంటే నూటికి నూరు శాతం ఎప్పుడో దాటిపోయేవాళ్లం.

బొగ్గు బూడిద వైభవం చూసి చెత్త బూడిదకూ ఆశ పుట్టింది. హైదరాబాద్ శివారు జవహర్‌నగర్‌లో 2020లో 19.8 మెగావాట్లతో మొదలైన కేంద్రం చెత్తను కాల్చి కరెంటు తీస్తోంది. గుంటూరు, విశాఖ దగ్గరా అలాంటివి వచ్చాయి. చెత్త మాయమైపోదు. బరువులో నాలుగైదో వంతు అడుగు బూడిదగా మిగులుతుంది. లోహపు ముక్కలు ఏరి, కడిగి, కొన్నాళ్లు మగ్గనిస్తే అది రోడ్ల అడుగున పొరకు పనికొస్తుంది. డెన్మార్క్, నెదర్లాండ్స్ వాళ్లు చాలా కాలంగా వాడుతున్నారు. సింగపూర్ అయితే 1999 నుంచి తన చెత్త బూడిదను పడవల్లో సెమకావ్ దీవికి మోసి సముద్రంలోనే నేల తయారు చేసుకుంటోంది. 2035 నాటికి ఆ జాగా కూడా నిండుతుందని లెక్క వేసి, బూడిదను ఇసుకగా మార్చి రోడ్లకు వాడి చూస్తోంది.

అయితే చెత్త పొగలోంచి పట్టే బూడిద వేరు. దాని నిండా సీసం, కాడ్మియం, డయాక్సిన్లు. పేరు ఒకటే కదా అని రెండింటినీ కలిపేస్తే ఏమవుతుందో ఇంగ్లండ్‌లో న్యూకాసిల్ ఊరివారికి తెలుసు. 1990లలో అక్కడ చెత్త కాల్చే బైకర్ కేంద్రం బూడిదను, పైదీ అడుగుదీ కలిపేసి, జనం కూరగాయలు పండించుకునే తోటల బాటల మీద పరిచారు. బాటలు చక్కగా వచ్చాయి. కొన్నేళ్లకు పరీక్షిస్తే కోడిగుడ్లలో డయాక్సిన్లు తేలాయి. గుడ్లు తినొద్దు, కోళ్లు తినొద్దు అని అధికారులు చెప్పారు. బూడిదలో గీరుకుని తిరిగే అలవాటును మానమని కోళ్లకు మాత్రం ఎవరూ నోటీసివ్వలేదు. అదే దేశంలో తర్వాత కార్బన్8 అనే కంపెనీ ఆ పొగ బూడిదకే బొగ్గుపులుసు వాయువు పట్టించి, గట్టిపరచి, కట్టుబడి దిమ్మెలకు కంకరగా మార్చింది. శుద్ధికీ ఓపికకూ డబ్బు పెడితే ఇదీ, పెట్టకపోతే అదీ.

బ్రిటన్ తన చివరి బొగ్గు కేంద్రాన్ని 2024 సెప్టెంబరు 30న మూసేసింది. దాంతో అక్కడ కాంక్రీటుకు తాజా ఫ్లై యాష్ కరవైంది. పూర్వం పాతిపెట్టిన గుట్టలను మళ్లీ తవ్వుకునే ఆలోచనలు సాగుతున్నాయి. మనకా బెంగ లేదు. చెరువుల్లో పేరుకున్న పాత బూడిదనంతా పదేళ్లలో వాడెయ్యాలని 2021 నోటిఫికేషన్ చెబుతోంది, అందులోనే ఒక సందు కూడా వదిలింది. చెరువు గట్టిపడి, దాని మీద చెట్లు పెరిగాయని కాలుష్య మండలి సర్టిఫికెట్ ఇస్తే, ఆ అడుగున ఉన్న బూడిదను వాడకపోయినా ఫరవాలేదు. కాబట్టి ఇటుకల వాళ్లు, సిమెంటు వాళ్లు, లారీల వాళ్లు ఎలా కొట్టుకున్నా సరే, థర్మల్ కేంద్రాల అధికారులు ఇప్పటినుంచే నర్సరీల్లో కానుగ, వేప మొక్కలకు ఆర్డర్లు పెట్టి, వాటితో ఫొటో దిగడానికి ఒక మంత్రిగారి తేదీ ఖాయం చేసుకుంటే సరిపోతుంది.