రిఫ్రెష్ బాబాయ్

ఢిల్లీ చుట్టుపక్కల, ద్వారకా నుంచి ఇందిరాపురం దాకా, మయూర్ విహార్ నుంచి గుర్గావ్ దాకా, నలుగురు తెలుగువాళ్ళున్న ప్రతి సొసైటీలోనూ ఒక రిఫ్రెష్ బాబాయ్ ఉంటాడు. అసలు పేరు వేరే ఉంటుంది కానీ కరెంటు బిల్లు మీద తప్ప ఎక్కడా వాడుకలో ఉండదు. అరవై అయిదు దాటిన మనిషి. ఏదో ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరుగానో అండర్ సెక్రటరీగానో రిటైరై ఉంటాడు. ప్రభుత్వం కొత్త పోర్టల్ తెరవబోతోందని పేపర్లో పడిందంటే చాలు, ఆ రోజు నుంచీ ఆయన నడకలో తేడా వస్తుంది.

ఆయన కార్యాలయం డైనింగ్ టేబుల్‌కి ఓ చివర. కొడుకు అమెరికా వెళ్తూ వదిలేసిన ల్యాప్‌టాప్ ఒకటి. ఫోన్లు రెండు, వాటిలో సిమ్‌లు రెండు వేర్వేరు కంపెనీలవి. ఒకటి పడుకున్నా రెండోది లేచి ఉంటుందని. వీటన్నిటికంటే ముఖ్యమైనది అట్ట వేసిన పొడుగు రిజిస్టరు. సొసైటీలో సగంమంది ఆధార్ నంబర్లు, పాన్ నంబర్లు, పుట్టినరోజులు, పాస్‌వర్డులు అందులో బ్లాకుల వారీగా ఉంటాయి. “పాస్‌వర్డు ఎవరికీ చెప్పకూడదు నాయనా, అందుకే జాగ్రత్తగా ఇందులో రాసిపెట్టా” అంటాడు. రాత్రిపూట అది పిన్ని నగలతోపాటు బీరువాలోకి వెళ్తుంది. దొంగలు పడితే ముందు ఏది పట్టుకుపోతారన్నది వాళ్ళ చదువుని బట్టి ఉంటుంది.

ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో ఆయన జనానికి చెప్పిన మాట ఒకటే: రేపు రండి. ఇప్పుడు అదే మాట కంప్యూటరు ఆయనకి చెబుతోంది. మనమైతే తిట్టుకుంటాం. ఆయన కళ్ళజోడు సర్దుకుని డ్రాఫ్టింగ్ పరిశీలిస్తాడు.

“‘సమ్‌థింగ్ వెంట్ రాంగ్’ అన్నాడు, చూశావా? ఏది తప్పింది, ఎవరివల్ల తప్పింది, ఎప్పటికి సరవుతుంది, ఒక్కటీ చెప్పలేదు. పార్లమెంటు ప్రశ్నలకి మేం జవాబులు ఇలాగే రాసేవాళ్ళం. ఎవడో గానీ పైకొస్తాడు కుర్రాడు.”

‘ప్లీజ్ ట్రై ఆఫ్టర్ సమ్ టైమ్’ అంటే ఇంకా ఇష్టం. ఎంతసేపటికో చెప్పకపోవడంలో ఆయనకి పాత కొలీగెవరో కనిపిస్తాడు.

ఆయన జీవితచరిత్ర అడిగితే పోర్టళ్ళ పేర్లే చెబుతాడు. 2002 ఆగస్టులో ఐఆర్‌సీటీసీ ఆన్‌లైన్ టికెట్లు మొదలుపెట్టినప్పుడు టికెట్ కొరియర్‌లో ఇంటికొచ్చేది. ఆ కవరు ఇప్పటికీ ఆయన దగ్గరుంది. 2014 ఏప్రిల్లో రైల్వే కొత్త వ్యవస్థ తెచ్చి, నిమిషానికి రెండు వేల చోట 7,200 టికెట్లు ఇవ్వగలమంది. ఆయన వెంటనే లెక్క కట్టాడు: “అంటే సెకనుకి నూట ఇరవై. మన వేలు నూట ఇరవై ఒకటోది కాకుండా చూసుకోవాలి.” సంక్రాంతికి ఏపీ ఎక్స్‌ప్రెస్‌లో తత్కాల్ కావాల్సినవాళ్ళు అప్పట్నుంచీ పది గంటలకి ఆయన వేలిని నమ్ముకుంటున్నారు. 2017 జులై 1న, సరిగ్గా అర్ధరాత్రి, పార్లమెంటు సెంట్రల్ హాల్లో జీఎస్టీ ప్రారంభమైంది. బాబాయ్‌కి వ్యాపారం లేదు, జీఎస్టీ నంబరు లేదు, ఆ సైటుతో ఈ జన్మలో పనిపడదు. అయినా మేలుకుని కూర్చున్నాడు.

అన్నిటిలోకీ ఆయనకి ప్రియమైనది 2021 జూన్ 7. ఇన్‌కమ్ ట్యాక్స్ కొత్త పోర్టల్ వచ్చిన రోజు. 4,242 కోట్ల ప్రాజెక్టు, కట్టింది ఇన్ఫోసిస్. మర్నాడే ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ ట్విట్టర్‌లో, అందరూ చూస్తుండగా, నందన్ నీలేకనిని సంగతేమిటని అడిగారు. వారంలో కుదుటపడుతుందని ఆయన జవాబిచ్చారు. ఆగస్టు 21న సైటు అసలే తెరుచుకోలేదు. 23న సీఈఓ సలీల్ పారేఖ్‌ని ఆర్థికశాఖ పిలిపించింది. రిటర్నుల గడువు చివరికి డిసెంబరు 31 దాకా జరిగింది. ఇదంతా బాబాయ్ తేదీలతో సహా చెబుతాడు. “మనవరాలి పుట్టినరోజు ఎప్పుడండీ?” అని ఎవరైనా అడిగితే, “పారేఖ్‌ని పిలిపించిన మర్నాడు” అంటాడు. పిన్ని వంటింట్లోంచి “ఆగస్టు ఇరవై నాలుగు” అని తర్జుమా చేస్తుంది.

మొదటి రోజు ఆయన్ని దగ్గరుండి చూస్తేగానీ విషయం బోధపడదు. ఈమధ్య ఒక ఫ్లాట్ల పథకం వచ్చింది, ఎవరిదన్నది అనవసరం. పొద్దున్న పదకొండింటికి దరఖాస్తులు మొదలు. గడువు నెల రోజులు. కేటాయింపు లాటరీ. అంటే మొదటి సెకనులో వేసినా ఆఖరి రోజు మధ్యాహ్నం భోంచేసి వేసినా డ్రాలో పడేది ఒక్క చీటీయే.

పదింపావుకల్లా స్నానం, విభూతి అయ్యాయి. పదిన్నరకి వైఫై మీద కర్ఫ్యూ పెట్టాడు: టీవీ ఆపు, పిన్ని సీరియల్ ఆపు, పక్క గదిలో మనవడి ఆట ఆపు. పదీ నలభైకి మూడు బ్రౌజర్లు తెరిచి, ఒకదాన్ని అజ్ఞాతంలో ఉంచాడు. రెండు ఫోన్లూ చెరో పక్క. పదీ యాభై ఎనిమిదికి వాట్సాప్ గ్రూపులో ఆదేశం వెలువడింది:

“ఎవరూ తొందరపడొద్దు. నేను చెప్పాకే నొక్కండి.”

పదకొండు. “నొక్కండి!!”

“తెల్లగా వస్తోంది బాబాయ్.”

“తెల్లగా అంటే మంచిదే.”

“మాకు గుండ్రంగా తిరుగుతోందండి.”

“తిరగనీ. ముట్టుకోవద్దు.”

అర నిమిషం గడిచింది. “అందరూ రిఫ్రెష్ కొట్టండి!”

“కొడితే మళ్ళీ మొదటికొచ్చిందండి.”

“మళ్ళీ కొట్టు.”

“బాబాయ్, బొమ్మలో ఆ గీతల మధ్య ఉన్నది ఓనా, సున్నానా?”

“ఏది కొట్టినా తప్పే అంటాడు, నువ్వు కానీ.”

పదకొండూ పందొమ్మిదికి ఫోన్లో ఓటీపీలు వచ్చాయి. ఒకటి కాదు, మూడు. ఏది దేనికో తెలియదు. మూడూ ఒకదాని తర్వాత ఒకటి కొట్టేలోపు మూడింటికీ కాలం తీరిపోయింది. బాబాయ్ చొక్కా వీపున తడిసిపోయింది, మొహం మాత్రం వెలిగిపోతోంది. సొసైటీలో యాభై ఇళ్ళ వాళ్ళు ఒకేసారి ఆయన మాట విన్న రోజు సర్వీసులో ఒక్కటీ లేదు మరి.

నోయిడా సెక్టార్ 62లో సాఫ్ట్‌వేర్ పనిచేసే మా తమ్ముడు అప్పుడే వచ్చి ఇదంతా చూశాడు. వాడికి నవ్వాగలేదు.

“బాబాయ్, పేజీ కనిపించడం పెద్ద కష్టం కాదు. దాని నకళ్ళు ఊరూరా పెట్టొచ్చు. లాగిన్, ఓటీపీ, మీ పేరు రిజిస్టర్ కావడం, డబ్బు కట్టడం, ఇవి మాత్రం ఒక్క చోటికే వెళ్ళాలి. పెళ్ళిలో అయిదొందల ఆకులు ఒకేసారి వేసి నెయ్యి వడ్డించడానికి ఒక్కణ్ణే పెడితే ఎలా ఉంటుంది? ఆ ఒక్కడు ఓటీపీ. పైగా మీరు రిఫ్రెష్ కొడితే పాత అభ్యర్థన పోదు. అది అక్కడ నలుగుతూనే ఉంటుంది, దాని వెనక కొత్తది చేరుతుంది. లక్షమంది వస్తారని కడితే పదిలక్షల మంది వచ్చినట్టవుతుంది. మీ ఒక్క ఇంట్లోంచే అయిదుగురు వెళ్ళారు.”

బాబాయ్ కాసేపు ఆలోచించాడు. “అయితే ఆ సర్వరు పడిపోవడంలో మన పాత్ర కూడా ఉందంటావు.” ఆ గొంతులో పశ్చాత్తాపం ఏ కోశానా లేదు.

“నెల గడువుంది, లాటరీ కూడాను. ఈ తొక్కిడి ఎందుకసలు?” అన్నాను నేను.

“గడువులు నేనూ పెట్టానయ్యా బోలెడు” అన్నాడాయన. “గడువు పెట్టేదే పొడిగించడానికి. లేకపోతే ముందే మూసెయ్యడానికి. లోపల కూర్చున్నవాణ్ణి, నాకు తెలీదూ?”

నాకు దీనికి జవాబు దొరకలేదు. టెలిఫోన్‌కి ఏళ్ళు, గ్యాస్ సిలిండర్‌కి ఏళ్ళు, చేతక్ స్కూటర్‌కి ఏళ్ళు ఎదురుచూసిన తరం అది. రేపు అనే మాటకి అర్థమేమిటో వాళ్ళకి అనుభవంలో ఉంది. ఎన్ని సర్వర్లు కొని పెట్టినా, ఈ అపనమ్మకమంతా పదకొండింటికి ఒకే గుమ్మం మీద పడితే ఏ గుమ్మమూ ఆగదు. కట్టేవాళ్ళు మనుషుల్ని లెక్కేసుకుంటారు గానీ వాళ్ళ పాత అనుభవాలని లెక్కలో వేసుకోరు.

తమ్ముడు ఊరుకోకుండా అమెరికా సంగతి తీశాడు. 2013 అక్టోబరు 1న ఒబామా ప్రభుత్వం ఆరోగ్య బీమాకి హెల్త్‌కేర్ డాట్ గవ్ తెరిచింది. లక్షలమంది ఎగబడ్డారు. మొదటి రోజు చివరిదాకా వెళ్ళి నమోదు కాగలిగింది ఆరుగురు.

“ఆరుగురా?” బాబాయ్ కుర్చీలో ముందుకి జరిగాడు. “రాసి పెట్టుకో. అందులో ఒకడు తెలుగువాడై ఉంటాడు.”

ఆయన్ని చూసి నవ్వలేని నెల ఒకటుంది. 2021 ఏప్రిల్. ఢిల్లీలో జనం ఆక్సిజన్ సిలిండర్ల కోసం రోడ్ల మీద పరిగెడుతున్న రోజులు. 28న సాయంత్రం నాలుగింటికి పద్ధెనిమిదేళ్ళు దాటినవాళ్ళకి కోవిన్‌లో టీకా రిజిస్ట్రేషన్ తెరిచారు. నిమిషానికి 27 లక్షల హిట్లు పడ్డాయని ప్రభుత్వమే చెప్పింది. నాలుగింటికి చిన్న లోపం వచ్చింది, సరిచేశాం అన్నారు. మొదటి మూడు గంటల్లో 80 లక్షల మంది నమోదయ్యారు. నమోదైతే అయ్యారు గానీ చాలామందికి స్లాటు ఎక్కడా కనబడలేదు. అప్పట్లో సైటంతా ఇంగ్లీషే. తెలుగు, హిందీ వగైరా తర్వాత వచ్చాయి. ఇంగ్లీషు రానివాళ్ళు, చేతిలో బటన్ ఫోను ఉన్నవాళ్ళు ఏం కావాలి? ఒక ఫోను నంబరు మీద నలుగురిని ఎక్కించవచ్చని బాబాయ్‌కి తెలుసు. గేటు దగ్గర వాచ్‌మన్, ఇస్త్రీ అబ్బాయి, పనమ్మాయి, ఆమె తమ్ముడు, నలుగురినీ తన నంబరు మీద రాశాడు. పిన్ని నంబరు మీద ఇంకో నలుగురు. స్లాట్లు ఏ వేళ పడతాయో తెలీక అలారం పెట్టుకుని రాత్రిళ్ళు లేచి చూసేవాడు. దొరికిన ఊరు దూరమైతే తన కారిచ్చి పంపేవాడు. ఆ ఇస్త్రీ అబ్బాయి టీకా సర్టిఫికెట్ కావాలంటే ఇప్పటికీ ఓటీపీ బాబాయ్ ఫోనుకే వస్తుంది. ఆ సంగతి ఆయన గ్రూపులో ఎప్పుడూ రాసుకోలేదు. రిజిస్టర్లో మాత్రం ఒక పేజీ ఉంది.

సరిగ్గా పనిచేసే సైటంటే ఆయనకి గిట్టదు. గత ఏడాది రిటర్ను పావుగంటలో దాఖలైంది, వెరిఫికేషన్ కూడా అప్పుడే అయిపోయింది. రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఎవరో ఫోన్ చేసి, “మాదీ అయిపోయిందండీ, మేమే చేసుకున్నాం” అంటే, “అలాగా, మంచిది” అని పెట్టేశాడు. ఆ సాయంత్రం వాకింగ్‌కి కూడా వెళ్ళలేదని పిన్ని చెప్పింది.

ఫ్లాట్ల సైటు నాలుగో రోజుకి కుదుటపడింది. అప్పటికి బాబాయ్ దరఖాస్తు మూడుసార్లు సగంలో ఆగి, ఒకసారి డబ్బు కట్ అయి తిరిగొచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుండగా పిన్ని తన ఫోనులో, కూరగాయలు తరుగుతూ మధ్యమధ్య చెయ్యి తుడుచుకుంటూ, దరఖాస్తు పూర్తి చేసేసింది. రసీదు చూపిస్తే బాబాయ్ మొహంలో రక్తం లేదు. పైనుంచి కిందకి చదివాడు. మళ్ళీ చదివాడు. ఉన్నట్టుండి కళ్ళు మెరిశాయి.

“ఇదిగో! భర్త పేరులో స్పెల్లింగ్ తప్పు. ‘హెచ్’ ఎగిరిపోయింది. దీనికి కరెక్షన్ విండో తెరుస్తారు. ఏ రోజో, ఎన్నింటికో కనుక్కోవాలి.” అప్పుడే చెయ్యి రిజిస్టరు మీదికి వెళ్ళింది.

“తప్పు కాదు” అంది పిన్ని, బెండకాయ తొడిమ తీస్తూ. “ఆధార్‌లో మీ పేరు అలాగే ఉంది. మీరేగా దగ్గరుండి చేయించుకున్నారు, మొదటి రోజు, మొదటి టోకెన్.”