ఒలింపిక్స్ ఫేసింగ్ కార్నర్ బిట్టు

మొన్నొక ఆదివారం శామీర్‌పేట చెరువు కట్ట మీద కాల్చిన మక్కకంకి కొరుకుతూ నిలబడ్డాను. టీషర్టు వేసుకున్న కుర్రాడొకడు వచ్చి చేతిలో రంగుల కరపత్రం పెట్టాడు. “సార్, 2036ల ఒలింపిక్స్ వస్తున్నయ్. ఈస్ట్ ఫేసింగ్, కార్నర్ బిట్టు ఒక్కటే ఉంది. ఇయ్యాల టోకెన్ ఇస్తే పాత రేటే.” ఒలింపిక్స్ ఎక్కడికి వస్తున్నాయి తమ్మీ అని అడిగాను. “ఇటే సార్” అని చెయ్యి చాపాడు. అటు చూస్తే మత్తడి, దాని దిగువన పొలం, పొలంలో రెండు కొంగలు. వాటికింకా ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

కుర్రాణ్ణి చూసి నవ్వకండి. 2036 ఒలింపిక్స్ మాకివ్వండని మన దేశం 2024లోనే అర్జీ పెట్టుకుంది. అందులో కనీసం రెండు ఆటలైనా హైదరాబాదుకు ఇప్పించమని 2025లో మన రాష్ట్ర ప్రభుత్వం ఢిల్లీని అడిగింది. ఆ రెండూ ఏవో తేలకముందే మేడ్చల్ నుంచి తుర్కపల్లి దాకా గజం రేటు వార్మప్ మొదలుపెట్టింది. పెద్దలు ‘సుస్థిర క్రీడోత్సవం’ అంటారు, ‘లెగసీ’ అంటారు, ‘స్థానికులకు లబ్ధి’ అంటారు. వీడు అదంతా గజాల్లోకి మార్చి చెప్పాడు, అంతే తేడా.

ఆట చూపించి భూమి అడగడం ఇక్కడ కొత్తేమీ కాదు. 2003లో ఐఎంజీ భారత అనే సంస్థతో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది. ప్రపంచస్థాయి అకాడమీలు పెడతారు, పతకాలు పండిస్తారు. ఆ సేద్యానికి గచ్చిబౌలిలో 400 ఎకరాలు, శంషాబాద్ దగ్గర మామిడిపల్లిలో 450 ఎకరాలు. 2006లో తరవాతి ప్రభుత్వం రద్దు చేసింది, సంస్థ కోర్టుకెక్కింది, హైకోర్టు పిటిషన్ కొట్టేసేసరికి 2024 మార్చి వచ్చింది. ఒప్పందం నాడు పుట్టిన పిల్ల జిమ్నాస్టిక్స్‌లో చేరి ఉంటే ఈపాటికి రిటైరై కోచింగ్ ఇస్తూ ఉండేది. ఆ 850 ఎకరాల పేరు మీద ఇరవయ్యేళ్ళు పరుగెత్తింది ఫైలొక్కటే, అదీ రిలే. గచ్చిబౌలి 400 ఎకరాల్లోకి 2025లో జేసీబీలు దిగి చెట్లు పడగొడుతుంటే ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఈల ఊదింది.

అకాడమీలు రాలేదు సరే, స్టేడియాలు వచ్చాయి కదా అంటారు. వచ్చాయి. 2002 డిసెంబరులో జాతీయ క్రీడలు చేశాం. 2003 అక్టోబరు 24 నుంచి నవంబరు 1 దాకా ఆఫ్రో-ఆసియా క్రీడలు చేశాం. ఆ రెండోవి ముందూ జరగలేదు, తరవాతా జరగలేదు. ప్రపంచం మొత్తానికి హైదరాబాదే మొదటి సంచిక, ఆఖరి సంచిక. ఆటగాళ్ళ వసతికని గచ్చిబౌలిలో లేపిన టవరు 2020లో 1,500 పడకల కోవిడ్ ఆసుపత్రి అయింది. మన క్రీడాచరిత్రలో ఇంతకంటే పనికొచ్చిన కట్టడాన్ని నేను చూడలేదు, ఇది వెటకారం కాదు. 2025 మేలో అక్కడి ఇండోర్ స్టేడియంలో మిస్ వరల్డ్ పోటీల ప్రారంభం జరిగింది. లాల్‌బహదూర్ స్టేడియంలో ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారం, యూసుఫ్‌గూడ ఇండోర్ స్టేడియంలో ఓట్ల లెక్కింపు. మన స్టేడియాల్లో గెలుపోటములు తేలవని ఎవరనగలరు?

పర్యావరణం మాటా చెప్పుకోవాలి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ రేసు జరిగింది. పొగ రాని బ్యాటరీ కార్లు, నెట్ జీరో పందెం. జనవరి ఆఖరున సౌదీలోని దిరియాలో పరుగెత్తిన ఆ కార్లు ఇక్కడికొచ్చి, ఫిబ్రవరి నెలాఖరుకు దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో తేలాయి. ఎడ్లబండి మీద వెళ్ళి ఉంటాయి. రేసు కోసం రోడ్లు మూస్తే చుట్టుపక్కల దారుల్లో మన పెట్రోలు బళ్ళు గంటల తరబడి నిలబడి ఆ పొగలోటు తీర్చాయి. 2024 రేసు రద్దయింది, ఇచ్చిన డబ్బు మీద ఏసీబీ కేసు నడిచింది. ఒక్క గ్రాము కర్బనం లేకుండా జరిగిన రేసు చరిత్రలో అదొక్కటే.

సుస్థిర క్రీడలంటే ఏమిటో మా మేడ్చల్ వాళ్ళకు ఒకరు చెప్పక్కర్లేదు. అవుటర్ రింగు రోడ్డు మీద ఆరో ఎగ్జిట్ మాది, ఏడోది శామీర్‌పేటది. ఆరులో దిగితే నిజామాబాద్ దారి, ఏడులో దిగితే కరీంనగర్ దారి. శంషాబాద్ విమానాశ్రయం నుంచి గల్ఫ్ పెట్టెలు వచ్చేదీ ఈ రెండు దారుల్లోనే. తెల్లవారుజామున సర్వీసు రోడ్డు మీద టీ బండి దగ్గర అంబులెన్సు ఆగుతుంది. వెనక అద్దంలోంచి ప్లైవుడ్ పెట్టె, దానికి అంటించిన విమానం కాగితం కనబడతాయి. డ్రైవరు ఒక టీ తాగి, ఒకటి పార్సిల్ కట్టించుకుంటాడు. పెట్టె పక్కన కూర్చున్న మనిషి కిందికి దిగడు.

అన్ని పెట్టెలూ ఖతార్‌వి కావు, అన్నీ స్టేడియాలవీ కావు. కానీ 2022 ఫుట్‌బాల్ కప్పు కోసం ఆ ఎండలో ఇసుక, ఇనుము మోసినవాళ్ళలో జగిత్యాల, నిజామాబాద్ పల్లెలవాళ్ళూ ఉన్నారు. స్టేడియం పనుల్లో ప్రమాదాలకు చనిపోయింది ముగ్గురేనని నిర్వాహకులు లెక్క చెప్పారు. 2022 నవంబరులో వాళ్ళ సెక్రటరీ జనరలే టీవీలో 400కూ 500కూ మధ్య అన్నాడు; వెంటనే అది దేశంలోని అన్ని పనుల లెక్క అని సర్దారు. ఒక్క దాంట్లో మాత్రం తడబడలేదు: ఇది కర్బన తటస్థ ప్రపంచకప్పు. ఆ మాటకు రుజువు లేదని 2023 జూన్‌లో స్విట్జర్లాండ్ ప్రకటనల నియంత్రణ సంఘం ఫిఫాను తప్పుపట్టింది. 974 కంటెయినర్లతో కట్టిన స్టేడియాన్ని కప్పు కాగానే విప్పేసి వేరేచోట వాడతామన్నారు. 2025 డిసెంబరు అరబ్ కప్పులోనూ మ్యాచులు దాంట్లోనే ఆడారు. విప్పి ఎక్కడెక్కడికో పంపగలిగింది కూలీలనే.

ఇంతకీ మా దగ్గర ఆట లేదని కాదు. హకీంపేటలో 1993 నుంచి ప్రభుత్వ క్రీడా పాఠశాల ఉంది. నాలుగో తరగతిలో చేర్చుకుంటారు. ఎత్తు, బరువు కొలుస్తారు. 30 మీటర్ల పరుగు, మెడిసిన్ బాల్ విసరడం, 800 మీటర్లు. పొద్దున్నే రాజీవ్ రహదారి మీద బస్సులో కునుకు తీస్తూ మనం పోతుంటే లోపల ఆ పిల్లలు చెమటతో తడిసి ఉంటారు. దాని గోడ మీద ‘లెగసీ’ అని ఎవరూ రాయలేదు. పదేళ్ళు పెంచితే గాని ఫలితం తెలియని పంట అది. రెండు వారాల తిరునాళ్ళకైతే శంకుస్థాపన ఫోటో ముందే వస్తుంది.

మళ్ళీ కుర్రాడి దగ్గరికి వస్తాను. చిన్నప్పుడు తానూ హకీంపేట సెలక్షన్‌కు వెళ్ళాడట, 800 మీటర్ల దగ్గర ఆగిపోయాడట. “ఇప్పుడు రోజుకు పది కిలోమీటర్లు తిరుగుత సార్, కస్టమర్ల ఎంబడి.” కరపత్రం విప్పి చూశాను. క్లబ్‌హౌస్ ఉంది, ఆర్చి ఉంది, ఆర్చి మీద ఐదు రింగులు కూడా ఉన్నాయి. పిల్లలు ఆడుకునే స్థలం ఏదని అడిగాను. వాడు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ఆకుపచ్చ రంగు వేసిన గడి మీద వేలు పెట్టి గొంతు తగ్గించాడు.

“నేను చెప్పిన కార్నర్ బిట్టు గదే సార్.”