పటం చెప్పిన నూటొక్క గోత్రాల కథ

పటానికి ‘నేను’ అనే అలవాటు లేదు. కూనపులి కథకుడు కర్ర కొసతో బొమ్మను చూపించి ‘ఇదిగో మార్కండేయుడు, ఇదిగో భావనారుషి’ అంటాడే తప్ప పటం చేత మాట్లాడించడు. జహీరాబాద్‌లో ఒక కూనపులివారి ఇంట్లో, దూలానికి వేలాడుతున్న ఈ బట్టచుట్ట తన ఆత్మకథను కూడా ఆ వరసలోనే చెప్పుకుంటుంది.

ఈ పటం చేర్యాలలో, పటాలు గీసే ఒక నకాషీ ఇంట్లో పుట్టింది. ఖద్దరు బట్టకు గంజి, సుద్ద, బంక, ఉడికించిన చింతగింజల జిగురు పూత మీద పూతగా పట్టించారు. ఆరాక ఉడత వెంట్రుకల కుంచెతో గీతలు గీసి, బొమ్మల వెనకంతా ఎరుపు నింపారు. వెడల్పు 3 అడుగులు, పొడవు 40 పైచిలుకు. బట్ట నేసింది పద్మశాలీలు, దాని మీదికి ఎక్కింది పద్మశాలీల వంశం, పాడేది పద్మశాలీలను ఆశ్రయించి బతికే కూనపులివారు. గొల్లలకు కాటమరాజు కథ, ముదిరాజులకు పాండవుల కథ, మాదిగలకు జాంబపురాణం ఉన్నట్టే సాలోళ్లకు ఇది. పటాల్లోనూ పెద్దచిన్న ఉన్నారు. హైదరాబాద్‌లోని జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియంలో ఉన్న భావనారుషి పటం మీద 1625 నాటి తేదీ ఉంది. దాని ముందు ఈ పటం నిన్నమొన్నటి పిల్ల.

చుట్ట విప్పుతూ పోతే కథ కిందికి దిగుతుంది. మార్కండేయుడి యజ్ఞంలోంచి భావనారుషి పుడతాడు. విష్ణువు నాభికమలం తూడులోంచి నూలు తీసి దేవతలకు బట్టలు నేస్తాడు. సూర్యుడి కూతురు భద్రావతిని పెళ్లాడతాడు. వాళ్లకు 101 మంది కొడుకులు, వాళ్ల పేరన 101 గోత్రాలు. రంగుల్లో ఉన్న వంశం అక్కడితో ఆగిపోతుంది. ఆ తర్వాతి తరాలన్నీ కథకుడి నోట్లోనే. ఏ ఊళ్లో ఏ ఇంటిపేరుకు ఏ గోత్రమో, ఎవరు ఎటు వలసపోయారో ఈ ఇంటి ముసలాయనకు కంఠతా వచ్చు.

వలసల లెక్కే పెద్దది. సోలాపూర్‌లో 1877లో బట్టల మిల్లు లేచింది. మిల్లుబట్ట ఊళ్లలోకి దిగాక గుంటమగ్గం కూడు పెట్టలేకపోయింది. తెలంగాణ సాలోళ్లు సోలాపూర్, బొంబాయి, భివండి బాట పట్టారు. జహీరాబాద్, హుమ్నాబాద్, ఉమర్గా మీదుగా సోలాపూర్ పోయే దారి మీద ఈ పటం కూడా కథకుడి భుజానెక్కి తిరిగింది. ఆశ్రయమిచ్చే ఇల్లు ఎక్కడికి పోతే, ‘త్యాగం’ అనే కట్నం అడిగే ఆశ్రితుడి హక్కూ అక్కడికే పోతుంది మరి. 1956లో జహీరాబాద్‌ను బీదర్ జిల్లాలోంచి తీసి మెదక్‌లో కలిపారు. రాష్ట్రాల గీతలు మారాయి గానీ మిరాశి హక్కుల గీతలు మారలేదు.

అలా పోయిన ఒక ఇంటి సంగతి. ముత్తాత ఊళ్లో గుంటమగ్గం మీద ధోవతులు నేశాడు. తాత సోలాపూర్‌లో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, చద్దర్లు నేశాడు. తండ్రి ఆ చద్దర్లే తెచ్చి జహీరాబాద్‌లో దుకాణం పెట్టాడు. కొడుకు పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చదువుతున్నాడు. ఆ పేరులోని కార్నెగీ కూడా సాలోళ్ల పిల్లవాడేనని ఆ అబ్బాయే ఫోన్‌లో చెప్పాడు. వినగానే ముసలాయన అడిగిన మొదటి ప్రశ్న: “ఏ గోత్రం?”

గోత్రం లేదు గానీ వంశం ఉంది. స్కాట్లండ్‌లోని డన్‌ఫర్మ్‌లిన్‌లో విలియం కార్నెగీ చేతిమగ్గం మీద డమాస్క్ నార బట్ట నేసేవాడు. ఆవిరి మగ్గాలు వచ్చి ఆయన పని లాగేసుకున్నాయి. మగ్గాలు అమ్మితే వచ్చిన డబ్బు చాల్లేదు. భార్య మార్గరెట్ చిన్ననాటి స్నేహితురాలు 20 పౌండ్లు అప్పిచ్చింది. 1848లో ఇద్దరు కొడుకులతో ఓడెక్కి, ఇప్పుడు పిట్స్‌బర్గ్‌లో కలిసిపోయిన అలెఘెనీ చేరారు. తండ్రి అక్కడా మేజాబట్టలు నేసి ఇంటింటికీ తిరిగి అమ్మాడు. పెద్దకొడుకు ఆండ్రూ నూలు మిల్లులో కండెలు అందించే పనికి కుదిరాడు. జీతం వారానికి 1 డాలరు 20 సెంట్లు. అతనే ఉక్కు వ్యాపారి అయ్యాడు. 1900లో ఆ విద్యాసంస్థకు పునాది వేసి, మరుసటేడు తన ఉక్కు కంపెనీని 48 కోట్ల డాలర్లకు అమ్మేశాడు.

మగ్గాన్ని తరిమిన యంత్రం రెండుచోట్లా ఒకటే. అయితే డన్‌ఫర్మ్‌లిన్ సాలెకు 20 పౌండ్లు చేబదులు దొరికితే అమెరికా తలుపు తెరిచే ఉంది. 1917, 1924 చట్టాలు మన దేశం వాళ్లకు ఆ తలుపు మూసేశాయి. 1965 చట్టం దాన్ని బార్లా తెరిచే సరికి అమెరికాకు కావలసింది డాక్టర్లు, ఇంజనీర్లు. అందాకా తెలంగాణ సాలెకు అమెరికా అంటే సోలాపూరే. ఆ చద్దర్ల దుకాణం ఇంటి నాలుగో తరం విమానం ఎక్కిందంటే నేత వదిలేశాకే. ఇందులో గర్వపడాలో బాధపడాలో పటానికి తెలియదు. దాని పని చూపించడం వరకే.

చూపించని బొమ్మలూ ఉన్నాయి. ఆసు పోసినవాళ్లు, కండెలు చుట్టినవాళ్లు ఆడవాళ్లే అయినా గోత్రాలు మాత్రం కొడుకుల పేరన నడిచాయి. అలెఘెనీలో ఇల్లు నిలబడింది మార్గరెట్ వల్ల. చెప్పులు కుట్టే పొరుగింటాయన దగ్గర పని తెచ్చుకుని వారానికి 4 డాలర్లు సంపాదించేది. సోలాపూర్‌లోనూ మగవాళ్లు సాంచెల మీద ఉంటే ఆడవాళ్లు బీడీలు చుట్టారు. తెలుగు కార్మిక నాయకుడు నరసయ్య ఆడం ముందుండి నడిపిన పోరాటంతో అక్కడ బీడీ కార్మిక మహిళలకు 10,000 ఇళ్ల కాలనీ లేచింది. గోదుతాయి పరులేకర్ పేరు పెట్టిన ఆ కాలనీ 2006లో ప్రారంభమైంది. ఈ పటంలో భద్రావతి చేతికి కండె కూడా ఇవ్వలేదు నకాషీ. పసుపు చీర కట్టించి పక్కన నిలబెట్టాడంతే.

పాతబడిన పటాన్ని ఏటిలో కలపడం ఆచారం. ఈ పటం అంచులు చిరిగాయి, జిగురు పెచ్చులు లేస్తోంది. మంజీర దూరమేం కాదు. ఇంకా కలపకపోవడానికి కారణం పిట్స్‌బర్గ్ నుంచి వచ్చిన వీడియో కాల్. అక్కడి పెన్ హిల్స్‌లో 1976లో వెలసిన వేంకటేశ్వరుడి గుళ్లో అబ్బాయి అర్చన చేయించబోయాడు. పూజారి గోత్రం అడిగాడు.

“తాతా, మా గోత్రమేంది?”

“మీ నాయినకు తెల్వదా బిడ్డా?”

“నాయిన నిన్నే అడుగుమన్నడు.”

ముసలాయన పటం దింపి, విప్పించి, ఏ కొడుకో కర్రతో చూపించి పేరు చెప్పాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

“మీ ముత్తాత ధోతి ఇచ్చిండు. మీ తాత సోలాపూర్‌ల చద్దరిచ్చిండు. నీ త్యాగమేంది?”

“నాయినతోని ఫోన్‌పే చేయిస్త తాతా.”

“మా మనుమని నంబరుకు పంపుమను. మీ అక్క లగ్గంనాటి బాకీ సుత ఉన్నది. అది గూడ కలుపుమను.”