సొమ్ము నెఫిలాది, సోకు వెండిదొరది

శ్రీకాళహస్తి పేరులో మొదటి అక్షరం సాలీడుదే. శివుడికి గూడల్లి మోక్షం సంపాదించుకుంది. అప్పట్నుంచీ మనకు సాలీడంటే కష్టజీవి. బడిలోనూ సభల్లోనూ అదే పాట. ఆర్గైరోడీస్ అనే సాలీడు వెండిదొరగారిని మాత్రం ఒక్కరూ వేదికెక్కించలేదు. పాపం, తీరని అన్యాయం!

దొరగారు మూడు నాలుగు మిల్లీమీటర్ల మనిషి. (ఆడవీ దొంగలే, మర్యాదకు దొరగారన్నాను.) వెండి బొట్టులాంటి పొట్ట, దూరం నుంచి చూస్తే మంచు చుక్క అనుకుంటాం. కాపురం నెఫిలా అనే భారీ సాలీడు ఇంట్లో. ఆవిడ పసిడి రంగు దారంతో మీటరు మేర వల అల్లుతుంది. ఈయన ఓ మూల ఆ వలకు తన దారాలు తగిలించుకుని కూర్చుంటాడు. ఆవిడ పురుగును పట్టి మూటగడితే దారాలు అదురుతాయి. హాస్టల్లో భోజనం గంట కొట్టినట్టే. మెల్లగా వెళ్లి, మూట కట్లు తెంపి, తన దారానికి కట్టుకుని లాక్కుపోతాడు. ఒక్కోసారి ఆవిడ తింటుండగానే ఇవతలి పక్క విస్తరి వేసుకుంటాడు. వల దారాన్నీ వదలడు. ఇంటికొచ్చిన చుట్టం గోడలు కూడా తినేశాడన్నమాట.

"పోనిద్దురూ, ఆవిడ ముట్టని చిన్న పురుగులే కదా" అని వకాల్తా పుచ్చుకునేవాళ్లున్నారు. నిజమే, అవీ తింటాడు. కానీ 1997లో ఆస్ట్రేలియా నెఫిలాల మీద వచ్చిన పరిశోధన తూకం వేసి మరీ చెప్పింది: ఈ చుట్టాలున్న ఇల్లాలు ఒళ్లు చేయలేదు, పైగా మాటిమాటికీ ఇల్లు మారింది.

రెండో వకాల్తా ఇంకా ఘనం. దొరగారి వెండి తళుక్కి పురుగులు వలలోకి వస్తున్నాయని 2013లో తైవాన్‌లో తేల్చారు. అది వేరే జాతి దొర, వేరే సాలీడు ఇల్లు. అయినా ఆ సర్టిఫికెట్ పట్టుకుని ఊరంతా తిరగొచ్చు. నా వ్యాసం కింద పేరు కోసేసి, తన పేరు తగిలించి వాట్సాప్‌లో తిప్పిన పెద్దమనిషిని నిలదీస్తే ఆయనా అదే అన్నాడు: "మీకు పబ్లిసిటీయే కదండీ!"

పబ్లిసిటీ పక్షం చెప్పని సంగతి ఒకటుంది. కుబుసం విడిచే వేళ సాలీడు ఒళ్లు మెత్తబడి, కదల్లేకుండా ఉంటుంది. ఈ వెండిదొరల్లో కొందరు అదను చూసి, అప్పుడు ఇల్లాలినే తినేస్తారు.