అసలు ఇంజన్‌ మాట వినకండి

బొగ్గుతో, ఆవిరితో నిజంగా నడిచే బుల్లి రైలింజన్‌ కట్టబోతే నలుగురూ ఒకటే చెబుతారు: అసలు ఇంజన్‌ డ్రాయింగు తెచ్చుకో, కొలతలన్నీ ఒకే లెక్కన తగ్గించుకుంటూ పో. ఆ పని చేయకండి. పైన రూపం అసలుదే ఉండనివ్వండి, లోపల మాత్రం దాన్ని లెక్కచేయకండి.

ఇంగ్లండ్‌లో బాగా వాడుకలో ఉన్న మూడున్నర అంగుళాల గేజి చూడండి. అసలులో సుమారు 16వ వంతు. బాయిలర్‌ ఉపరితలం 256వ వంతుకు తగ్గితే లోపలి నీళ్లు 4096వ వంతుకు పడిపోతాయి. ఉన్న నీటికి వేడి జారిపోయే చోటు 16 రెట్లు ఎక్కువన్నమాట. పొగగొట్టాలనీ అదే లెక్కన సన్నం చేస్తే మసితో పూడుకుపోతాయి. బొగ్గు మసి మీ స్కేలు చూసి చిన్నదైపోదు కదా! గొట్టాలు తక్కువ పెట్టండి, లావుగా పెట్టండి. ఎల్‌.బి.ఎస్‌.సి. అనే కలంపేరుతో రాసిన ఇంగ్లిషాయన 1920ల్లో అయేషా అనే ఇంజన్‌తో దీన్ని చేసి చూపించాడు. రెండున్నర అంగుళాల గేజి మీద, బొగ్గు మంటతో, అది నిండు మనిషిని లాగింది. స్పిరిట్‌ దీపాలే గతి అనుకున్నవాళ్ల నోళ్లు మూయించింది. ఆయనంటే నాకు ఎనలేని గౌరవం.

నీటిమట్టం చూపే గాజుగొట్టం కూడా అంతే. సన్నగా ఉంటే నీళ్లు గోడకి అంటుకుంటాయి, బుడగ అడ్డుపడుతుంది, బాయిలర్‌ అడుగంటుతున్నా గాజులో నీళ్లు నిండుగా కనిపిస్తాయి. చూడ్డానికి ఎబ్బెట్టుగా ఉన్నా సరే, పట్టినంత లావు గొట్టం బిగించండి.

మొదటిది కదా, చిన్నది కట్టుకోమంటారు. ఎల్‌.బి.ఎస్‌.సి.యే గీసిన టిచ్‌ అనే బుల్లి ఇంజన్‌ పేరు చెబుతారు. వద్దు. చిన్న ఇంజన్‌లో నిప్పు గుప్పెడు, కాస్త ఏమరితే ఆరిపోతుంది. కొత్తవాడికి అదే కష్టం. అయిదంగుళాల గేజికి వెళ్లండి. మోయడానికి ఇంకో మనిషి కావాలి, నిజమే. నడపడం మాత్రం చాలా తేలిక.

చక్రాలు ముందు, బాయిలర్‌ చివర అన్న వరసనీ తిరగేయండి. రాగి బాయిలర్‌కి వెండి టంకం పెట్టాలంటే మొత్తం ఒకేసారి ఎర్రగా కాలాలి, అదే అసలు గండం. అది గట్టెక్కితే మిగతాదంతా లేత్‌ దగ్గర ఓపిక. బుష్‌లకి ఇత్తడి వాడకండి, అందులోని జింకు కాలక్రమేణా కరిగిపోయి లోహం గుల్లబారుతుంది; కంచు వాడండి. పరీక్ష మాత్రం గాలితో ఎప్పుడూ చేయకండి. బుడగ మిగలకుండా నీళ్లు నింపి, బాయిలర్‌ పనిచేసే ఒత్తిడికి రెట్టింపు చేతిపంపుతో ఎక్కించండి. నీళ్లు నొక్కినా దాదాపు కుదించుకుపోవు కాబట్టి, అతుకు విడిపోయినా చిమ్మి ఊరుకుంటాయి. నొక్కిపెట్టిన గాలి అయితే పేలుతుంది.

ఇక రంగు. మొదటి ఏడాది వేయకండి. ఏ జాయింటు కారుతోందో ఉత్త లోహం మీదే కనిపిస్తుంది. ఎలాగూ అన్నీ రెండుసార్లయినా విప్పాల్సిందే.