పండగపూట వానసూచన: టీకా తాత్పర్యం

మూలం: “రాగల 24 గంటల్లో కోస్తా ఆంధ్రలో ఒకటి రెండు చోట్ల తేలికపాటి నుంచి మోస్తరు వర్షాలు కురిసే అవకాశం ఉంది. తెల్లవారుజామున పొగమంచు పట్టవచ్చు.”

అవతారిక: క్రిస్మస్ మొదలు కనుమ దాకా గంపలగూడెం మండలంలోని వినగడప రైతుకు ఆకాశంతోనే పని. చేలో చివరి పత్తి, కళ్లంలో ధాన్యమో మిర్చో, తోటలో మామిడి పూత, దారిలో పండక్కి వస్తున్న పిల్లలు. వాన పడునా పడదా అన్న ఆతని శంకకు వాతావరణ శాఖ అనుగ్రహించిన సమాధానమే పై మూలం. శంక తీరలేదు గనుక టీక అవసరమైంది.

ప్రతిపదార్థం: 24 గంటల్లో = శాఖవారి వాన లెక్కలో రోజంటే ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 వరకు. భోగిమంట మీద తెల్లవారి నాలుగింటికి పడిన చినుకు ముందురోజు ఉదయం మొదలైన ఖాతాలో చేరుతుంది. కోస్తా ఆంధ్రలో = ఇచ్ఛాపురం నుంచి తడ దాకా. వినగడపకు సముద్రం కనబడదు, అయినా కోస్తాయే. మండలం దాటితే ఖమ్మం జిల్లా. అక్కడి మబ్బుకు వ్యాఖ్యాత అమరావతి కాదు, హైదరాబాదు కేంద్రం.

ఒకటి రెండు చోట్ల = ఇక్కడ వాచ్యార్థం గ్రహించరాదు. వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా అని శాస్త్రార్థం. సగం దాకా అయితే ‘కొన్ని చోట్ల’ అనే వేరే మాట ఉంది. వినగడప తడిసినా సూత్రం సాధువే, పొడిగా ఉన్నా సాధువే. తేలికపాటి నుంచి మోస్తరు = 2.5 మిల్లీమీటర్ల నుంచి 64.4 వరకు. మొదటిది దుమ్ము అణచడానికి సరిపోతుంది. చివరిది కళ్లంలో మిర్చిని ముంచుతుంది. పట్టాలు కప్పాలా వద్దా అన్నది ఈ రెండు అంకెల మధ్య ఎక్కడో ఉంది.

అవకాశం ఉంది = శాఖవారి పట్టికలో ఈ స్థాయి సూచనకు 25 నుంచి 50 శాతం సంభావ్యత. అనగా పడకపోవడానికే మొగ్గు ఎక్కువ. రైతు మాత్రం దీన్ని ‘పడుతుంది’ అని చదువుకుంటాడు, పడకపోతే శాఖను తిడతాడు.

ఆక్షేపం: చిన్న వాన సరే, తుపాను సంగతైనా నిశ్చయంగా చెప్పవచ్చు కదా? సమాధానం: కొన్నిసార్లు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ చెప్పిన తీరానే, బాపట్ల దగ్గర దాటింది. ప్రత్యుదాహరణ, లెహర్. అతి తీవ్ర తుపానై భయపెట్టి, 2013 నవంబరు 28న మచిలీపట్నం దగ్గరకు వచ్చేసరికి వాయుగుండంగా నీరుగారింది. చల్లని సముద్రం, చొరబడిన పొడిగాలి దాని బలం తీశాయి. ఆ వెంటనే డిసెంబరులో వచ్చిన ‘మాది’ తుపాను ఉత్తరంగా కొంత పోయి, వెనక్కు మళ్లి, తమిళనాడు దారి పట్టింది. చలికాలపు బంగాళాఖాతంలో తేమగాలికీ ఉత్తరాది పొడిగాలికీ పెనుగులాట; ఏది ఎంత చొచ్చుకొస్తుందో ముందు తేలితే గాని తుపాను గతి తేలదు.

పొగమంచు తుపానుకంటే మొండిది. ఆకాశం తేటగా, గాలి దాదాపు స్తంభించి, నేల చెమ్మగా ఉండాలి. చూపు కిలోమీటరు కన్నా తక్కువ ఆనితేనే దానికి ఆ పేరు. రాత్రి రెండింటికి పలుచని మబ్బు పరచుకుంటే నేల వేడి నిలిచిపోయి మంచు పట్టదు. అది పట్టిన రోజున గన్నవరం విమానాలు ఆలస్యం, హైదరాబాదు బస్సులు ఆలస్యం, మామిడి పూతకు తెగుళ్ల బెడద.

విశేషం: 2025 మే నెలలో ప్రారంభమైన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ 6 కిలోమీటర్ల గడులతో లెక్క కడుతోంది, అంతకు ముందు గడి 12 కిలోమీటర్లు. గడి చిన్నదైనా, అందులో కట్టలేరు వాగు ఏ గట్టున చినుకు పడుతుందో విడిగా చెప్పదు.

పాఠాంతరం: పంచాంగం. సంవత్సరం వానలో సముద్రానికెంత, పర్వతాలకెంత, భూమికెంత అని ఉగాదినాడే వాటాలు పంచేస్తుంది. తేదీ అడగకూడదు.