పదివేల వాట్ల పెట్టె, అయిదాంపుల ప్లగ్గు

మెట్ట రైతును వాట్ల దగ్గర మోసం చేయడం కష్టం. కామవరపుకోట చుట్టుపక్కల బోరు వేయించినవాడికి అయిదు హార్స్‌పవర్ మోటారు ఎంత కరెంటు లాగుతుందో, దానికి ఏ మందం కేబులు వేయాలో కంఠతా వచ్చు. పామాయిల్ గెలల ధర దగ్గర నూనె శాతంలో చుక్క పక్కనున్న అంకె కోసం ఎంతసేపైనా వాదిస్తాడు. అదే మనిషి పండగ ముందు ఏలూరో జంగారెడ్డిగూడెమో వెళ్లి, అట్టపెట్టె మీద ‘10,000 వాట్లు’ అని అచ్చేసిన హోం థియేటర్‌ను కిక్కురుమనకుండా ఆటోలో వేయించుకొస్తాడు.

ఆ లెక్కేదో మనమే వేద్దాం. ఒక హార్స్‌పవరంటే 746 వాట్లు. పదివేల వాట్లంటే 13 హార్స్‌పవర్ దాటింది. అంటే రెండు బోరు మోటార్లను ఆడించి, మూడోదాన్ని కూడా సగానికి పైగా తిప్పగల సత్తా అన్నమాట! అంతటి భీముడు టీవీ బల్ల మీద ఒద్దికగా కూర్చుని, అయిదాంపుల ప్లగ్గులోంచి కరెంటు తాగుతున్నాడు. 230 ఓల్టుల దగ్గర ఆ ప్లగ్గు ఇవ్వగలిగింది 1,150 వాట్లు. మిగతా 8,850 ఏ దేవుడి ప్రసాదమో అమ్మినవాడు చెప్పడు. పెట్టెను వెనక్కి తిప్పితే చీమ తలకాయంత అక్షరాల్లో అసలు వినియోగం ఉంటుంది. చాలావాటికి అది రెండంకెలు దాటదు. అంటే నెత్తిమీద తిరిగే పాత ఫ్యానుకి అటూ ఇటూ.

ఈ ఇంద్రజాలం పేరు పీఎంపీఓ. దీన్ని ఎలా కొలవాలో ఒప్పుకున్న ప్రమాణం లేదు. రెప్పపాటులో వెయ్యో వంతు సేపు ఏ మూలో లేచిన విద్యుత్తును పట్టుకుని, స్పీకర్ల లెక్కతో హెచ్చవేసి, ఆపైన యజమాని ఉత్సాహాన్ని కలిపితే వచ్చే అంకె అది. నిలకడగా ఇచ్చే శక్తిని చెప్పేది ఆర్‌ఎంఎస్. దాన్ని పెట్టెకు అడుగున వేస్తారు, అక్కడైతే ఎవరూ చూడరు కదా. పోనీ పదివేలూ నిజమే అనుకుందాం. చెవికి చప్పుడు రెట్టింపైనట్టు అనిపించాలంటే శక్తి పదింతలు కావాలి. వెయ్యి వాట్ల పక్కన పదివేలు పెడితే, డబ్బు సంగతి దేవుడెరుగు, మోత మాత్రం రెండింతలే.

ఇక కొట్లో జరిగే ప్రదర్శన చూడాలి. కుర్రాడు నాబ్‌ను పావు వంతు తిప్పుతాడు, అద్దాలు గలగలలాడతాయి. “ఇది పావేనండి, ఇంకా ముప్పావు ఉంది!” అంటాడు. కొనేవారి కళ్లు మెరుస్తాయి. నాబ్ ట్యాంకు కాదు, ముప్పావు మిగిలి ఉండటానికి. లోపలికి వచ్చే సిగ్నల్ ఎంత బలంగా ఉందన్నదాన్ని బట్టి ఆంప్లిఫయర్ పూర్తి శక్తిని సగం తిరక్కముందే అందుకోగలదు. డీవీడీ ప్లేయర్ల సిగ్నల్ రెండు ఓల్టుల దాకా ఉంటుంది, చాలా ఆంప్‌లకు అందులో నాలుగో వంతు చాలు. ఆ తర్వాత తిప్పేదంతా తరంగం తల నరకడమే. ఆ నరుకుడుకి ముందు బలయ్యేది పాపం బుల్లి ట్వీటర్. ఇంటికొచ్చి అదే సెట్టుకు సెల్‌ఫోను తగిలిస్తే, దాని సిగ్నల్ బలహీనం కాబట్టి నాబ్ ముప్పావు దాకా పోవాలి. “కొట్లో చూపించింది వేరు, ఇచ్చింది వేరు” అని మర్నాడు పంచాయితీ. డబ్బున్నవారి సెట్టులో నాబ్ బదులు అంకెలు వెలుగుతాయి, అదీ మైనస్ ముప్పయ్యి అని. సున్నా అంటే నిర్ణయించిన పూర్తి మోత, దానికి ఎంత దిగువన ఉన్నామో ఆ మైనస్ చెబుతుంది. “ఇంత పోసి కొంటే మైనస్సేంటండీ!” అని వాపోయేవారిని ఓదార్చడం నా వల్ల కాలేదు.

పాట నచ్చలేదంటే దానికీ మందుంది. “కొత్త స్పీకర్లు కదండీ, వంద గంటలు మోగితేగానీ గొంతు విప్పవు.” ఇందులో పిసరంత నిజం ఉంది. కోను అంచు రబ్బరూ, లోపలి గుడ్డా కదిలేకొద్దీ కాస్త సడలుతాయి, అదీ ఎక్కువగా మొదటి గంటల్లోనే. రోజుకు మూడు గంటల చొప్పున వంద గంటలంటే నెల దాటుతుంది. ఈలోగా వాపసు గడువు ముగుస్తుంది, చెవి కూడా అలవాటు పడిపోతుంది. స్పీకరు మెత్తబడిందని సంబరపడతాం గానీ మెత్తబడింది మనం.

గది గురించి మాత్రం ఎవరూ ఎత్తరు. కింద గ్రానైటు, చుట్టూ నున్నటి గోడలు, పరదా లేని పెద్ద హాలు. అందులో బాసు పెంచితే మూలమూలలా గుంయ్‌మంటుంది. రాయి చప్పుడును మింగదని తెలియాలంటే జీలకర్రగూడెం కొండెక్కి గుంటుపల్లి గుహల్లోని గుండ్రటి చైత్యంలో నిలబడి ఒక్క మాట అంటే చాలు. అక్కడ ఆంప్ లేదు, గారంటీ కార్డూ లేదు.

అమెరికాలో 1974లోనే ఆంప్లిఫయర్ వాట్లకు ప్రభుత్వ నిబంధన వచ్చింది. ఎన్ని ఓమ్‌ల దగ్గర, ఎంత వక్రీకరణతో ఇస్తుందో చెప్పి మరీ అంకె వేయాలి. అందుకే అట్లాంటా అల్లుడు తెచ్చిన ఆంప్ మీద ఉత్త వందే ఉంది. “అంత ఖర్చుపెట్టి చదివించాం, తెచ్చింది వంద వాట్లండి” అని మావగారు అరుగు మీద కూర్చుని బాధపడుతున్నారు.